వెనకవాడి కోసం పట్టిన కొమ్మ

జైనూర్ దాటాక తారు రోడ్డు అయిపోయింది. జీపు మమ్మల్ని వాగు ఒడ్డున దింపి వెనక్కి తిరిగింది. శ్రావణ మాసం. వాన లేదు, అయినా చెట్లన్నీ కారుతున్నాయి. నా వీపు మీద పిట్టూ, సిపాయి సంచి. అందులో రెండు జతల బట్టలు, దుప్పటి, రెయిన్‌కోట్, టార్చి, పళ్లెం, మగ్గు. సైన్యంలో ఏళ్ల తరబడి మోసిన బరువే. పెన్షన్ మీద ఇంటికి వచ్చాక దాన్ని మళ్లీ ఎత్తుకుంటానని అనుకోలేదు.

పైన కొండ మీద వైర్‌లెస్ టవర్ ఉంది. చుట్టుపక్కల మండలాల సెట్లు ఒకదానితో ఒకటి మాట్లాడాలంటే అది పనిచేయాలి. ఎవరో బ్యాటరీలు, రాగి తీగ ఎత్తుకుపోతున్నారని మాజీ సైనికులను ఒప్పందం మీద కాపలా పెట్టారు. మొత్తం నలుగురం. వానాకాలం పూర్తయ్యేదాకా డ్యూటీ.

మమ్మల్ని తీసుకుపోవడానికి ఆపరేటర్ వాగు దగ్గరకు దిగి వచ్చాడు. మాకంటే వారం ముందు చేరినవాడు. గోదావరిఖని బొగ్గుబావి కాలనీ మనిషి. సైన్యంలో సిగ్నల్స్. పొట్టిగా, గట్టిగా ఉన్నాడు.

“వందనాలన్నా. దారి మంచిగనే దొరికింది గదా? దేవునికి స్తోత్రం.”

“దారి దొరకబట్టింది జీపు డ్రైవర్. స్తోత్రం వానికి చెప్పు” అన్నాను.

“వానికి గూడ చెప్పిన. నువ్వు పిట్టూ దించుకునేటప్పుడు.”

నేను హేతువాదిని. ఇది మీకు ముందే తెలియడం న్యాయం. ప్రార్థనతో కామెర్లు తగ్గాయని మైకులో చెప్పిన సభలో లేచి నిలబడి, ఆస్పత్రి చీటీ చూపించమని అడిగాను. కోడిని కోస్తే జ్వరం దిగుతుందన్న వాళ్ల ఇంటి ముందూ అదే ప్రశ్న వేశాను. తావీదులు కట్టేవాళ్లనూ వదల్లేదు. దేవుడు ఏ భాషలో మాట్లాడినా రుజువు అడగాలన్నదే నా పద్ధతి. అలాంటి నాకు మొదటి గంటలోనే ఈ మనిషి తగిలాడు.

కొండ దారి సన్నగా ఉంది. రెండు పక్కలా వెదురు, ముళ్లకంప. ఆపరేటర్ ముందు, వెనక నేను, నా వెనక లంగర్. లంగర్ అంటే సైన్యంలో వంటశాల. మా వంటవాడిని అదే పేరుతో పిలిచేవాళ్లం. ఆదిలాబాద్ పట్నం మనిషి. మరాఠీ, గోండీ, తెలుగు కలిపి మాట్లాడతాడు.

గస్తీలో ఒక నియమం ఉంది. దారికి అడ్డంగా ఉన్న కొమ్మను ముందు నడిచేవాడు పక్కకు వంచుతాడు. వంచి వదిలేస్తే అది వెనకవాడి ముఖం మీద కొడుతుంది. అందుకని దాన్ని పట్టుకుని ఆగాలి. వెనకవాడు వచ్చి అందుకున్నాకే చెయ్యి తీయాలి. కొత్తగా చేరిన రంగ్రూట్‌గా ఉన్నప్పుడు శిక్షణ ఇచ్చే ఉస్తాద్ దెబ్బలతో నేర్పిన పాఠం. అడవి మనుషులకు దాన్ని ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆ రోజు అలా కొమ్మలు చేతులు మారుతూ పైకి చేరాం.

పైన రేకుల గది, టవర్, సోలార్ పలకలు. పోస్టు కమాండర్ మెట్టు మీద కూర్చుని తుపాకి తుడుస్తున్నాడు. ఆయనదీ పాత హవల్దార్ హోదా. వేములవాడ. మెడలో రుద్రాక్ష, నుదుట విభూతి. పోస్టు మొత్తానికి ఉన్నది ఆ ఒక్క తుపాకే. నా గురించి ఆయనకు ముందే కబురు అందింది.

“నువ్వేనా దేవుడు లేడని స్పీచులిచ్చేటోనివి? నా పోస్టుల దేవుడుంటే ఉండనియ్, లేకుంటే లేకుండ పోనియ్. సెంట్రీ మాత్రం ఉండాలె. సమజైందా లెక్చరర్?”

ఆ రోజు నుంచి నా పేరు లెక్చరర్.

ఆపరేటర్ స్తోత్రానికి వేళాపాళా లేదు. తడి కట్టెలు అంటుకుంటే స్తోత్రం. బ్యాటరీ సూచిక ఆకుపచ్చకు వస్తే స్తోత్రం. పోయిందనుకున్న సబ్బు దొరికితే స్తోత్రం. తిండి ముందు ప్రార్థన చేసేవాడు. సెంట్రీలో ఉంటే కళ్లు తెరిచే చేసేవాడు. “కండ్లు మూసుకుంటే హవల్దార్ సాబ్ తిడ్తడు. దేవుడు తిట్టడు” అనేవాడు. రాత్రి అన్నం దగ్గర ఆ రోజు జరిగినదానికి సాక్ష్యం చెప్పేవాడు. చర్చిలో చెప్పినట్టే, లేచి నిలబడి. వినేవాళ్లం ముగ్గురమే.

ఒక ఉదయం అతని బూటులోంచి తేలు పడింది.

“స్తోత్రం” అన్నాడు.

“బూట్ల తేలును పెట్టిందెవరు?” అన్నాను.

“తొడుక్కునే ముందు బూటు దులుపుమని చెప్పిందెవరు?”

“మా ఉస్తాద్.”

“గా ఉస్తాద్‌ను పుట్టించినందుకు అన్నా.”

లంగర్ చేతిలోని చాయ్ ఒలికేంత నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది. వాదనలో నవ్వడం నాకు కొత్త.

కింద నుంచి మాకు ఆదేశాలిచ్చే బేస్‌కు కూడా సెట్‌లో అతని స్తోత్రం తప్పలేదు.

“కొండ, బేస్. రిపోర్ట్ చెప్పు. ఓవర్.”

“బేస్, కొండ. నలుగురం ఖైరియత్. బ్యాటరీ ఫుల్. స్తోత్రం. ఓవర్.”

“కొండ, సెట్‌ల పని మాటలే మాట్లాడాలె. ఓవర్.”

“సరే సార్. స్తోత్రం. ఓవర్.”

కొన్ని రోజులకు మబ్బు దిగింది. మీరు ఊళ్లో చూసే పొద్దుటి మంచు కాదు. మబ్బే కొండ మీద కూర్చుంటుంది. మధ్యాహ్నం పన్నెండుకు కూడా పది అడుగుల అవతలి మనిషి కనిపించడు. టవర్ పాదాలు కనిపిస్తాయి, నడుము ఉండదు. సోలార్ పలకలకు ఎండ తగల్లేదు. చేతి సెట్లు మూగపోయాయి. ఉన్న కాస్త బ్యాటరీ బేస్‌తో మాట్లాడడానికే దాచుకోవాలి.

నీళ్ల ఊట కొండకు కిందుగా ఉంది. రోజూ ఇద్దరు వెళ్లి క్యాన్లు నింపుకొని రావాలి. ఊట దాటాక దారి వెదురు లోయలోకి దిగుతుంది. మబ్బులో ఒక్క మలుపు తప్పితే లోయలోనే తేలతాం. అందుకని కమాండర్ ఈలలు ఇచ్చాడు. పైనుంచి ఈల వేస్తే కిందివాళ్లు ఈలతో జవాబు ఇవ్వాలి.

మొదటి రోజే లంగర్ తప్పిపోయాడు. ఈల వినిపించిన వైపే నడిచి ముళ్లకంపలో ఇరుక్కున్నాడు. ఆ ఈల వేసింది భీమరాజు పిట్ట. పొడుగు తోక నల్ల పిట్ట. ఏ ఈల విన్నా అచ్చం అలాగే వేస్తుంది. గీరుకుపోయిన మోచేతులతో వచ్చి లంగర్ కమాండర్ ముందు నిలబడ్డాడు. “సాబ్, పిట్ట నాకు కమాండ్ ఇచ్చింది. నేను మాట విన్న.”

అప్పుడు ఆపరేటర్ తన బాపు సంగతి చెప్పాడు. బాపు బొగ్గుబావిలో పనిచేసేవాడు. లోపల దీపం పోతే కదలకూడదు. ఒకడు పిలవాలి, మిగతావాళ్లు పలకాలి. ఎవరు ఎక్కడ ఉన్నారో గొంతును బట్టే తెలుస్తుంది. అతని బాపు పిలిచే పిలుపు “దేవునికి స్తోత్రం”.

“పిట్ట ఈల ఏస్తది గని మాట అనది సాబ్. మాటతోని పిలుద్దం.”

“గదే మాటనా?” అన్నాడు కమాండర్.

“నేను పిలిస్తె నాకొచ్చింది గదే. పలికేటోళ్లు ఎవల మాట ఆళ్లు పలుకుండ్రి. వినపడితె చాలు.”

ఆ ఏర్పాటులో నాకు తప్పు కనిపించలేదు. మరుసటి రోజు నుంచి అది మొదలైంది. ఆపరేటర్ కొండ అంచున నిలబడి గొంతెత్తి, సాగదీసి, పాటలాగా పిలిచేవాడు. దేవునికీ… స్తో…త్రం. కింద ఉన్నవాడు కమాండర్ అయితే “రాజన్నా!” అనేవాడు, వేములవాడ దేవుణ్ని తలుచుకుని. లంగర్ “ఆలో!” అనేవాడు. వచ్చానని మరాఠీలో. నేను “ఉన్న!” అనేవాణ్ణి. నలుగురు మనుషులు, నాలుగు మాటలు. ఎవరమూ దారి తప్పలేదు.

తర్వాత ఒక పగలు, పదకొండు దాటాక, నేనూ లంగరూ ఊట దగ్గర ఉన్నాం. అతను క్యాను పట్టాడు, నేను కర్రతో నిలబడ్డాను. పైనుంచి పిలుపు వచ్చింది.

“ఆలో!” అన్నాడు లంగర్.

“ఉన్న!” అన్నాను నేను.

కొంచెం ఆగి, మా కింద నుంచి, లోయలోంచి వచ్చింది.

“స్తోత్రం.”

అరుపు కాదు. చేతిలో పని సాగిస్తూనే పలికిన మనిషి గొంతులా ఉంది. క్యాను నిండి నీళ్లు లంగర్ పాదాల మీదకు పొర్లుతున్నాయి. అతను చూడలేదు.

“లెక్చరర్, గదెవరు?”

“ప్రతిధ్వని. మన మాటే కొండకు తగిలి తిరిగొస్తది.”

“గట్లయితే నా ఆలో ఏది మల్ల? నీ ఉన్న ఏది?”

 క్యాన్లు ఎత్తుకున్నాం. వెనక్కి చూడకుండా ఎక్కాం.

పైకి వచ్చి నేను పరీక్షలు పెట్టాను. వేదికల మీద నేర్చుకున్న పద్ధతే. కొండ అంచున నిలబడి నా పేరు అరిచాను. ఏమీ రాలేదు. “ఓ” అని సాగదీశాను. ఏమీ లేదు. రేకు మీద రాయితో కొట్టాను. మబ్బు ఆ చప్పుడును మింగేసింది. ఆపరేటర్ పిలిచాడు. లోయలోంచి జవాబు వచ్చింది. అయితే ఇతనే గొంతు మార్చి పలుకుతున్నాడేమో. అలాంటి విద్య తెలిసినవాళ్లను చూశాను. అతని నోటి నిండా నీళ్లు పోయించాను. బుగ్గలు ఉబ్బించి నా ఎదురుగా నిలబడ్డాడు. పిలవమని లంగర్‌కు చెప్పాను.

“మా పోచమ్మ ఏమనుకోది” అంటూ లంగర్ పిలిచాడు.

“స్తోత్రం.” అదే చోటు. అదే తీరు.

ఆపరేటర్ నీళ్లు ఉమ్మేశాడు. అతని ముఖంలో సంతోషం లేదు. నేను ఎదురుచూసింది సంతోషమే. ఇప్పుడు లేచి సాక్ష్యం చెబుతాడని అనుకున్నాను. ఆ మాట నోట రాగానే పట్టుకుని చీల్చడానికి సిద్ధంగా ఉన్నాను. అతను మాత్రం కమాండర్ వైపు తిరిగి, “సాబ్, కింద మనిషి ఉన్నడు. బయటికి రాలేకపోతుండు” అన్నాడు. అంతే.

మర్నాడు పొద్దున కొండకు అవతలి వైపు గూడెం నుంచి ఇద్దరు వచ్చారు. గూడెం పెద్ద, ఆయన అల్లుడు. గొడుగు ఒకటే. ఎడ్ల వెంట వెళ్లిన మనిషి మూడు రోజులుగా తిరిగి రాలేదట. ఎడ్లు మాత్రం ఇల్లు చేరాయి. పెద్దాయన తమ్ముడే ఆ మనిషి.

ఆపరేటర్ ఎగిరి లేచాడు. “ఉన్నడు పెద్దయ్యా! లోయల ఉన్నడు! నిన్నటి సంది పలుకుతనే ఉన్నడు!”

పెద్దాయన అతన్ని చాలాసేపు చూశాడు. తర్వాత లంగర్‌తో గోండీలో ఏదో అన్నాడు.  లంగర్ నెత్తి మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఏమంటుండు?” అన్నాడు కమాండర్.

“సాబ్, గా మనిషికి మాట రాదట. పుట్టినప్పటి సంది. చెవులు గూడ వినపడయట.”

 రేకుల మీంచి నీళ్లు కారుతున్నాయి. పెద్దాయన తెలుగులో అడిగాడు. “ఏమని పలుకుతుండు?”

ఆపరేటర్ చెప్పాడు.

“గా మాట మా గూడెంల ఎవ్వరు అనరు” అన్నాడు పెద్దాయన.

ఆయన దయ్యమని అనలేదు, దేవుడని కూడా అనలేదు. లోయ మొదట్లో పెద్దపులి అడుగులు చూశామన్నాడు. పోయిన వారం లేగను ఎత్తుకుపోయింది. అందుకని గూడెం వాళ్లు కింది నుంచి డప్పులు కొట్టుకుంటూ గుంపుగా వస్తారు. మబ్బు పల్చబడితే పొద్దుగూకే లోపల, లేకుంటే రేపు. పైనుంచి దిగే దారి మాత్రం మా వైపే దగ్గర.

కమాండర్ సెట్ అందుకున్నాడు.

“బేస్, కొండ. మనిషి తప్పిపోయిండు. లోయల పులి జాడ ఉంది. అడవి సిబ్బందిని పంపుండ్రి. ఓవర్.”

“కొండ, వాగు నిండింది. మబ్బు ఇడిసినంక వస్తరు. పోస్టు ఇడిసి ఎవ్వరు దిగొద్దు. ఓవర్.”

ఆయన మా వైపు తిరిగాడు. “విన్నరు గదా. ఎవ్వరు దిగొద్దు.”

“పిలిస్తె పలుకుతుండు సాబ్” అన్నాడు ఆపరేటర్.

“పలికేది గా మనిషి కాదని చెప్పిండ్రు గద! మాట రానోడు ఎట్ల పలుకుతడు?”

“గట్లయితె ఇద్దరున్నరు సాబ్. తప్పిపోయినోడు ఒకడు, పలికేటోడు ఒకడు. ఒక్కడుంటె ఆగుదుము. ఇద్దరుంటె ఇంక జల్ది పోవాలె గద?”

కమాండర్ నన్ను చూశాడు. లెక్చరర్‌ను గదా, తిప్పికొడతానని. ఆ తర్కంలో నాకు ఎక్కడా పగులు దొరకలేదు. “పులి మాత్రం నిజమే” అన్నాను. అది వాదన కాదని అంటున్నప్పుడే నాకు తెలుసు.

ఆ పగలంతా ఆపరేటర్ పిలిచాడు. గొంతు అలసిపోతే లంగర్ పిలిచాడు. ప్రతిసారీ జవాబు వచ్చింది. సాయంత్రానికి అది సన్నబడింది. దూరం పోలేదు. అక్కడే ఉండి సన్నబడింది. మబ్బు పల్చబడలేదు, డప్పులు వినిపించలేదు.

తెల్లవారి తొమ్మిదికి ఆపరేటర్ బూట్లు దులిపి తొడుక్కున్నాడు. సెట్ తెచ్చి నా ముందు పెట్టాడు.

“నేనూ వస్తా” అన్నాను.

“సెట్ ఎవరు వింటరు? లంగర్‌కు బటన్లు తెల్వయి.” తర్వాత కమాండర్ ముందు నిలబడ్డాడు. “సాబ్, నన్ను నౌకరిల నుంచి తీసెయ్యుండ్రి. అప్పుడు మీ ఆర్డర్ తప్పినట్టు కాదు.”

“బిడ్డ పెండ్లికి ఉన్నదంటివి గద. నౌకరి లేకుంటె ఏం జేస్తవ్?”

“ఇచ్చినోడే మల్ల ఇస్తడు సాబ్.”

కమాండర్ ముఖం ఎర్రబడింది. లోపలికి వెళ్లాడు. తుపాకితో, నైలాన్ తాడుతో బయటకు వచ్చాడు. రెండూ చాచాడు. ఆపరేటర్ తాడు మాత్రం తీసుకున్నాడు. “మనిషిని పట్టుకునేటప్పుడు రెండు చేతులు ఖాళీ ఉండాలె సాబ్.” నా వైపు చూశాడు. “లంగర్ గొంతు పోయింది. నువ్వు పిలువన్నా.”

“నా మాటతోనే పిలుస్తా.”

“నీ ఇష్టం.”

దారిలో పది అడుగులు కనిపించాడు. తర్వాత భుజాలు లేవు. తర్వాత తల లేదు. బూట్ల చప్పుడు కాసేపు వినిపించింది. అదీ ఆగింది.

మొదటి గంట అతని పిలుపు, దాని జవాబు రెండూ వినిపించాయి. ఒకటి దిగుతోంది, ఇంకొకటి ఉన్నచోటే ఉంది. రెండూ దగ్గరవుతున్నాయి. పదిన్నర ప్రాంతంలో రెండూ ఆగిపోయాయి.

పిలిచాను. “ఆపరేటర్!” ఏమీ లేదు. “ఉన్నవా!” ఏమీ లేదు. అతని అసలు పేరు పెట్టి పిలిచాను. కమాండర్ వచ్చి గుండెల నిండా గాలి పట్టి “రాజన్నా!” అని అరిచాడు. ఆయన గొంతు పరేడ్ మైదానం దాటిపోయే గొంతు. మబ్బు దాన్నీ తీసుకుంది. లంగర్ నోరు తెరిచాడు గానీ గాలే వచ్చింది.

పన్నెండు అయింది. కింద ఎక్కడో అడవి పంది అరిచి, మధ్యలో ఆగిపోయింది.

కమాండర్ నా పక్కన నిలబడ్డాడు. మెల్లగా అన్నాడు. “లెక్చరర్, గా పిలుపు పిలువు.”

“నేనా?”

“ఆపరేటర్ చెవి గా పిలుపుకు అలవాటున్నది. నాకు రాగం రాదు, లంగర్ గొంతు పోయింది. నువ్వు పిలిచేది దేవుణ్నా, ఆపరేటర్‌నా?”

ఏళ్లుగా ఆ మాటకు ఎదురు నిలబడ్డవాణ్ణి. ఆ మాటతో జనం నోరు మూయించిన సభలు చూసినవాణ్ణి. కొండ అంచుకు నడిచాను. అతను సాగదీసినట్టే సాగదీశాను. అతని రాగమే పట్టాను. నేను దేవుణ్ని పిలవలేదు. అతన్ని పిలిచాను. కానీ నోటి నుంచి వచ్చిన మాట అదే, పూర్తిగా అదే.

దేవునికీ… స్తో…త్రం.

మబ్బు కదల్లేదు. తర్వాత దారి మీద నుంచి, నేను ఊహించినదానికంటే చాలా దగ్గరగా, ఒక గొంతు పలికింది.

“స్తోత్రం.”

పని చేసుకుంటూ పలికే గొంతు. ఆపరేటర్‌ది కాదు. దాని వెనక, ఆయాసంతో, కింద నుంచి ఆపరేటర్ గొంతు వచ్చింది. “స్తోత్రం అన్నా! వస్తున్నం!”

లంగర్ నా చెయ్యి పట్టుకున్నాడు.  మళ్లీ పిలిచాను. మళ్లీ రెండు. మొదటిది ఈసారి పక్కకు, ఆపరేటర్ గొంతుకు వెనక్కి జరిగింది.

పోస్టుకు దిగువన చివరి మలుపులో వెదురు పొద దారికి అడ్డంగా వంగి ఉండేది. మేము ముగ్గురం అక్కడికి దిగాం. కమాండర్ తుపాకి భుజానికి ఎత్తాడు. మొదట ఒక చెయ్యి కనిపించింది. వెదురు కొమ్మను పక్కకు వంచింది. చెయ్యి వెనక ఆపరేటర్. చొక్కా లేదు. కొమ్మ పట్టుకుని ఆగాడు. అతని వెనక, నడుముకు తాడుతో, చంకలో కర్రతో ఒక మనిషి కుంటుతూ వచ్చాడు. చొక్కా ఆ మనిషి చీలమండకు చుట్టి ఉంది. ఆపరేటర్ కొమ్మను అతని చేతికి అప్పగించి మా వైపు అడుగు వేశాడు.

ఆ మనిషి వెంటనే రాలేదు. కొమ్మ పట్టుకుని వెనక్కి తిరిగాడు. తెల్లటి మబ్బులోకి చూస్తూ ఆగాడు. మెల్లగా నడిచేవాడి కోసం ఆగినట్టు. తర్వాత తల ఊపాడు. కొమ్మను ఎవరికో అందించినట్టుగా చెయ్యి తీసి, కుంటుకుంటూ మా వైపు వచ్చేశాడు.

కొమ్మ అక్కడే ఉంది. వంగి, పక్కకు, అలాగే ఉంది. ఒక మనిషి దాటడానికి పట్టేంతసేపు ఉంది. తర్వాత మెల్లగా, చప్పుడు లేకుండా తన చోటికి వెళ్లింది.

ముగ్గురం చూశాం. కమాండర్ తుపాకి దించాడు. గస్తీ తిరిగి వచ్చినప్పుడు అందరూ వచ్చారా అని అడిగే ప్రశ్నే అలవాటుగా నోట వచ్చింది.

“పూరా?”

ఆపరేటర్ వెనక్కి చూశాడు. “నేను, గీయన. పూరా సాబ్.” చివరి మాట కొంచెం ఆలస్యంగా వచ్చింది.

లంగర్ జావ కాచాడు. ఆ మనిషి రెండు గిన్నెలు తాగి నిద్రపోయాడు. మూడింటికి డప్పులు వినిపించాయి. గూడెం వాళ్లు మంచం తెచ్చి తీసుకుపోయారు. పోయే ముందు పెద్దాయన తమ్ముణ్ని సైగలతో ఏదో అడిగాడు. అతను సైగలతో జవాబు ఇచ్చాడు. ఏమన్నాడో చెప్పమని నేను అడిగాను. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. చెప్పనన్నాడో, అర్థం కాలేదన్నాడో తెలియదు.

సాయంత్రం ఆపరేటర్‌ను అడిగాను.

“నేను దిగుతుంటె గొంతు నా ముందల ఉండె అన్నా. పిలిస్తె పలికె. గా దిక్కే నడిచిన. రాయి కింద ఈయన కూసున్నడు. నేను పోంగనె గొంతు ఆగింది, మీ కేకలు గూడ వినపడలే. నువ్వు గా పిలుపు పిలిచినంక ముందల పలికి, తర్వాత నా ఎన్కకు వచ్చింది.”

“ఎవరిది?”

“అడగలే.”

“నేను పిలిచినప్పుడు నువ్వు ఎన్నిసార్లు పలికినవ్?”

“పిలుపుకు ఒక్కసారి.” బూటు లేసు విప్పుతూ అన్నాడు. “నువ్వు మంచిగ పిలిచినవన్నా. మా బాపు లెక్క.”

ఆ రాత్రి అన్నం దగ్గర అతను సాక్ష్యానికి లేవలేదు. బేస్ అడిగితే కమాండర్ తానే సెట్ పట్టి, గూడెం మనిషి తనంతట తనే పోస్టుకు చేరాడని చెప్పాడు. “నలుగురం ఖైరియత్. ఓవర్.” ఎవరి నౌకరీ పోలేదు.

మబ్బు విడిచిన రోజున నేను ఆ మలుపుకు వెళ్లాను. పొదలో అదే కొమ్మ. పక్కకు వంచి మెల్లగా చెయ్యి తీశాను. చటుక్కున వచ్చి కొట్టింది. ఊట నుంచి నీళ్లు తెచ్చి తడిపి మళ్లీ చూశాను. కొట్టింది. వేరే కొమ్మల్లో ఇరుక్కునేలా వంచాను. ఇరుక్కోలేదు. కొట్టింది. చెంప చీరుకుపోయింది. మెట్టు మీంచి ఆపరేటర్ చూస్తూ నవ్వుతున్నాడు. “ఇంక చాలన్నా, మొఖం పాడైతది!” ఆ మాట వెనక స్తోత్రం లేదు.

వానలు తగ్గాక మా బదులు వేరే నలుగురు వచ్చారు. అదే వాగు, అదే జీపు. మబ్బు రోజుల్లో ఈల వద్దు, మాటతో పిలవండి అని కొత్త కమాండర్‌కు మా హవల్దార్ చెప్పాడు. ఏ మాటతో అని ఆయన అడగలేదు, మేము చెప్పలేదు.

తర్వాత ఒకసారి గోదావరిఖని వెళ్లాను. ఆ రోజు ఆదివారం. ఆపరేటర్ నన్ను చర్చికి లాక్కుపోయాడు. సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాడు. బండి సరిగ్గా పంక్చర్ దుకాణం ముందే ఆగినందుకు స్తోత్రం చెప్పాడు. బిడ్డకు సంబంధం కుదిరినందుకు చెప్పాడు. కొండ మాట రాలేదు. బయట చాయ్ తాగుతూ ఎందుకు చెప్పలేదని అడిగాను.

“తెల్వనిదానికి సాక్ష్యం ఎట్ల చెప్తమన్నా?”

నేను సభల్లో పాస్టర్లకు, పూజారులకు, బాబాలకు చెప్పే మాట అది. దాన్ని అతని నోట విన్నాను. నాకు తెలియదు అని ఒప్పుకోవడం హేతువాదికి అవమానం కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఇది సాక్ష్యం కాదు. రిపోర్టు.

మా ఊరు సుల్తానాబాద్‌లో సభలకు పిలిచినప్పుడు నన్ను సరిహద్దు గురించి అడుగుతారు. సరిహద్దు గురించే చెబుతాను. మంచు, కాల్పులు, చలికి పగిలిన వేళ్లు. అవన్నీ మాటల్లోకి వచ్చి, మాటలతోనే వెళ్లిపోతాయి. ఒక్కటి వెళ్లదు. మధ్యాహ్నపు తెల్లటి మబ్బు. దారికి అడ్డంగా ఒక తడి వెదురు కొమ్మ. పక్కకు వంగి, వెనకవాడి కోసం ఆగి ఉంది. దాని మీద ఎవరి చెయ్యీ లేదు.